ఏవండోయ్, ఎండ పోతోంది

ఆ ఆదివారం జయప్రకాష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే భార్యతో గుడివాడలో ప్యాసింజరు ఎక్కడం, పెడనలో దిగడం, మావగారి పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లైనక్స్ వెయ్యడం, అత్తారింటి భోజనం చేసి ఒక కునుకు తీయడం, సాయంత్రం బండికి తిరిగి గుడివాడ చేరడం. ఇందులో భోజనం, కునుకు విషయంలో అతనికి మంచి అనుభవం ఉంది. లైనక్స్ మాత్రం జన్మలో ఎప్పుడూ వేసి ఎరగడు. వీడియోలో ఒకతను చిటికెలో వేసి చూపించాడు, అదీ నవ్వుతూ. ఆ నవ్వు చూసి మోసపోయాడు.

జయప్రకాష్ గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు. మార్కుల జాబితాలు టైపు చేస్తాడు, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే లాగుతాడు. ఆ మాత్రానికే అత్తవారి వైపు అందరూ అతన్ని కంప్యూటర్ ఇంజనీరు కింద జమకట్టేశారు. కాదని చెప్పే ధైర్యం అతనికి లేదు. అల్లుడన్నవాడు అత్తారింట్లో "నాకు రాదు" అనడు. మావగారన్నవాడు అల్లుడితో "మీకు రాదు" అనడు. ఈ కథంతా ఈ రెండు మర్యాదల మధ్య పడి నలిగింది.

మావగారు కోదండరామయ్యగారిది కలంకారీ అద్దకం పని. ఇంటి వెనక షెడ్డు, షెడ్డు వెనక గుడ్డలు ఆరేసుకునే ఖాళీ స్థలం. గుడ్డ మీద అచ్చు వెయ్యడం ఆయన పని, ఆయన చేత వేయించడం భార్య సత్యవతమ్మగారి పని. షెడ్డు పక్క గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆవిడ కంప్యూటర్‌లో డిజైన్ల ఫొటోలు షాపులకు పంపేవారు, మధ్యమధ్యలో కిటికీలోంచి ఎండ చూసేవారు. పొద్దువాలాక గుడ్డ బయటే ఉంటే తేమ తగిలి మచ్చలు పడతాయి. ఆ సంగతి రామయ్యగారికి చిన్నప్పటి నుంచీ తెలుసు, అయినా రోజూ మర్చిపోయేవారు. గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఏముంది? నాలుగవగానే ఆవిడ అరుస్తారు కదా.

పోయిన కార్తీకంలో ఆవిడ పోయారు. జ్వరమన్నారు, బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెళ్లేటప్పుడు ఆటోలో కూర్చుని "తానులు బయటే ఉన్నాయి, చూసుకోండి" అని చెప్పి మరీ వెళ్లారు. తిరిగి రాలేదు.

ఆవిడవి ఫొటోలు బోలెడు మిగిలాయి కానీ గొంతు ఒక్కటే మిగిలింది. ఆవిడ వాడింది మీటల ఫోను, అందులో రికార్డింగులూ లేవు, పాడూ లేవు. ఒకసారి కూతురు, అంటే జయప్రకాష్ భార్య మాధవీలత కంప్యూటర్‌కు కొత్త మైకు తగిలించి, "ఏదన్నా మాట్లాడమ్మా, పనిచేస్తుందో లేదో చూద్దాం" అంది. "ఏం మాట్లాడనే?" అంటూనే ఆవిడ కిటికీలోంచి బయటకు చూశారు. చూసి, ఉన్నదున్నట్టు మైకులోకే అరిచారు. "ఏవండోయ్! ఎండ పోతోంది, గుడ్డలు తియ్యండి! ఎన్నిసార్లు పిలవాలి, చెవుల్లో దూది పెట్టుకున్నారా?" తర్వాత ఒక చిన్న దగ్గు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఆగిందంటావా అమ్మాయ్?" అంతే, అయిపోయింది.

ఆవిడ పోయాక రామయ్యగారు రోజూ నాలుగింటికి ఆ గదిలోకి వెళ్లి దాన్ని పెట్టుకునేవారు. ఆవిడ అరిచేవారు, ఆయన "ఆ ఆ, వస్తున్నా" అని లేచి వెళ్లి గుడ్డలు తీసేవారు. ఫోన్‌లో వేసిస్తానని కూతురంటే ఒప్పుకోలేదు. "ఫోన్లోంచి వస్తే ఎవరో ఫోన్ చేసినట్టుంటదమ్మా. ఆ గదిలోంచి వస్తే మీ అమ్మ పిలిచినట్టుంటది" అన్నారు. మాధవి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చిక్కల్లా కంప్యూటర్‌తో వచ్చింది. పాతదైపోయి, మీట నొక్కిన తర్వాత తెరుచుకోవడానికి దానికి గంటసేపు పడుతోంది. ఆవిడ "ఎండ పోతోంది" అనేసరికి నిజంగానే ఎండ పోయి, దోమలు వస్తున్నాయి. అప్పుడు జయప్రకాష్ కాలేజీలో ఎవరో అనగా విన్న మాట ఒకటి అప్పచెప్పాడు. "లైనక్స్ వేస్తే కొత్తదానిలా పరిగెడుతుందండీ మావయ్యగారూ. పైగా ఉచితం." రామయ్యగారు వెంటనే, "మీరంతటి వారు చెప్పాక ఇంకేముందండీ, వేసెయ్యండి" అన్నారు.

ఇలా వచ్చింది ఆ ఆదివారం.

ముందు జాగ్రత్త విషయంలో జయప్రకాష్‌ను తప్పు పట్టడానికి లేదు. రాగానే కొత్త నీలం రంగు పెన్‌డ్రైవ్ తీసి, అత్తగారి గొంతును అందులోకి ఎక్కించి, "ఇదిగోండి మావయ్యగారూ, అత్తయ్యగారు ఇందులో ఉన్నారు. ఇక మిషన్‌కి ఏమైనా ఫరవాలేదు" అని చూపించాడు. రామయ్యగారు దాన్ని అరచేతిలో పెట్టించుకుని చూశారు. లోపలికి వెళ్లి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి తెచ్చిచ్చారు. అంతలో మాధవి, "ఏవండీ, లైనక్స్ తెచ్చారా?" అని అడిగింది. తేలేదు. బందరులో జీవానందం అని ఒకతనికి కంప్యూటర్ల షాపుంది, అతను ఎక్కించి ఇస్తాడు. "ఎంతసేపండీ, ఇలా వెళ్లి అలా వస్తా" అని జయప్రకాష్ బస్సెక్కాడు.

జీవానందం షాపులో జయప్రకాష్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టి, లైనక్స్ ఎక్కించమన్నాడు. అతని దగ్గర ఉన్నది ఆ ఒక్కటే. అదే క్షణంలో మాధవి ఫోన్ చేసింది. హల్వా తెమ్మని, అది కూడా ఏ కొట్లో తేవాలో, ఏ కొట్లో తేకూడదో వివరంగా చెప్పుకొస్తోంది. జీవానందం పెన్‌డ్రైవ్ మీద బొట్టు చూశాడు. మన వైపు కొత్త సామానుకే కదా బొట్టు పెడతారు! "కొత్తదే కదా సార్? ఖాళీయేనా?" అన్నాడు. జయప్రకాష్ ఫోన్‌లో భార్యకు "ఆ ఆ, అదే, అదే" అంటూ ఇతనికి తల ఊపాడు. లైనక్స్ ఎక్కడానికి ముందు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడుచుకుపోతుంది. సత్యవతమ్మగారు ఆ షాపులో, హల్వా కబుర్ల మధ్య, చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. జయప్రకాష్ నెయ్యి కారే హల్వా పొట్లం పట్టుకుని హుషారుగా పెడన తిరిగొచ్చాడు.

అసలు పని మొదలైంది. మిషన్ తెరుచుకునేటప్పుడు ఏదో ఒక మీట నొక్కాలి. వీడియోలో అతని మిషన్ వేరు, ఇది వేరు. జయప్రకాష్ పై వరసలో మీటలన్నీ హార్మోనియం వాయించినట్టు వాయించాడు. నాలుగైదుసార్లు పాత విండోస్ బొమ్మే వచ్చి పలకరించింది, ప్రతిసారీ ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి ఏ మీట దయ తలచిందో గానీ లైనక్స్ బొమ్మ కనపడింది. రామయ్యగారు పక్కనే స్టూలు మీద కూర్చుని "శభాష్" అన్నారు. అల్లుడి వీపు నిటారైంది.

అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. జయప్రకాష్ చదివి, తెలుగులో చెప్పాడు. "పాతదాన్ని ఉంచి పక్కన పెట్టమంటారా, లేక మొత్తం చెరిపేసి కొత్తగా వెయ్యమంటారా అని అడుగుతోందండీ."

రామయ్యగారు నవ్వారు. "భలే అడిగిందే! గంజి గుడ్డ మీద అద్దకం పడుతుందాండీ ఎక్కడన్నా? మిల్లు నుంచి వచ్చిన తాను ముందు ఉతకాలి, గంజంతా వదలగొట్టాలి. అప్పుడు గానీ రంగు పట్టదు. శుభ్రంగా ఉతికేసి వెయ్యమనండి."

"మొత్తం పోతుందండీ మరి."

"అత్తయ్యగారు మీ జేబులో ఉన్నారు కదాండీ?"

"ఉన్నారండీ" అని జయప్రకాష్ 'చెరిపెయ్యి' అన్నదాని మీద నొక్కేసి, అదే ఊపులో జేబు తడిమాడు. జేబులో రైలు టికెట్టు, రుమాలు ఉన్నాయి. ఇంకో జేబు తడిమాడు. హల్వా బిల్లు ఉంది. మెల్లిగా తలెత్తి చూస్తే, కుంకుమ బొట్టుతో నీలం పెన్‌డ్రైవ్ మిషన్‌కు గుచ్చి ఉంది. దాని దీపం మిణుకుమిణుకుమంటోంది. తెర మీద ఒక గీత నింపాదిగా కుడివైపుకు సాగుతోంది. పక్కనున్న రామయ్యగారు, "మంచినీళ్లు తాగుతారా?" అని మాత్రం అడిగారు.

మాధవి వడ్డించిన భోజనం ఏం తిన్నాడో అతనికి తెలియదు. కునుకు మాట దేవుడెరుగు. నాలుగవుతుండగా లైనక్స్ తయారైంది, నిజంగానే మీట నొక్కగానే తెరుచుకుంటోంది. రామయ్యగారు చొక్కా సర్దుకుని వచ్చి కూర్చున్నారు. "ఏదీ, పెట్టండి."

జయప్రకాష్ నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు, అందులో అనుమానం లేదు. అంతలో మాధవి వంగి తెర చూసి, "అదేంటండీ, స్పీకర్ బొమ్మ మీద గీత కొట్టేసి ఉంది? సౌండ్ లేదా?" అంది. లేదు. లైనక్స్ ఆ మిషన్‌లో సౌండ్ పరికరాన్ని గుర్తుపట్టలేదు. కొత్తగా వేసుకున్నవాళ్లకు తరచూ జరిగేదే, అందరూ నెత్తి కొట్టుకునేదే. ప్రపంచంలో ఆ గీత చూసి ప్రాణం లేచొచ్చినవాడు మాత్రం జయప్రకాష్ ఒక్కడే అయ్యుంటాడు.

"అవునండీ, సౌండ్ రావట్లేదు" అన్నాడు. "డ్రైవర్ అని ఒక ప్రోగ్రాం వెయ్యాలి. వచ్చే ఆదివారం చూద్దాం."

"అలాగే" అన్నారు రామయ్యగారు. "గొంతు ఎక్కడికి పోతుందిలెండి."

ఆ మాటకు జయప్రకాష్ కవుతరం స్టేషన్ దాటేదాకా రైల్లో కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. కంట్లో నలక పడిందని మాధవితో చెప్పాడు.

వచ్చే ఆదివారం వచ్చింది. రామయ్యగారే జీవానందానికి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టారు. అవతలి నుంచి జీవానందం మిషన్‌కు టైపు చేసి ఇవ్వాల్సిన ఆజ్ఞ ఒకటి అక్షరం అక్షరం చెప్పాడు, జయప్రకాష్ కొట్టాడు. మిషన్ పాస్‌వర్డు అడిగింది. కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరం పడటం లేదు, చుక్క కూడా లేదు.

"జీవానందంగారూ, కీబోర్డు చచ్చిపోయిందండీ!" అన్నాడు జయప్రకాష్. ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

"అయ్యో. షాపులో కొత్తది ఉంది సార్, తీసుకెళ్లండి."

మరో వారం గడిచింది. కొత్త కీబోర్డు వచ్చింది, దాంతోనూ అక్షరం పడలేదు. ఇదీ చచ్చిందని ఫోన్ చేస్తే జీవానందం అనుమానంగా, "పాస్‌వర్డు కొడుతున్నారా సార్? అది కనపడదు. కనపడకపోయినా కొట్టుకుంటూ పోయి ఎంటర్ నొక్కాలి" అన్నాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"మీరు ఇంజనీరని పెద్దాయన చెప్పారు కదా సార్. తెలుసనుకున్నా."

ఈసారి ఆజ్ఞ పని చేసింది. స్పీకర్ బొమ్మ మీద గీత పోయింది. "ఇప్పుడొస్తుందాండీ?" అని రామయ్యగారు ముందుకు వంగేలోగా, జయప్రకాష్ కాఫీ అడగడానికన్నట్టు మాధవి వైపు తిరిగి, ఎవరూ చూడకుండా సౌండ్‌ను మ్యూట్ చేసేశాడు. "లేదండీ, ఇంకా రావట్లేదు." "అలాగా" అన్నారాయన. ఆయన కూడా పెద్దగా తొందరపడలేదు. మంచి మనిషి, నన్ను ఇబ్బంది పెట్టకూడదని చూస్తున్నారు అనుకున్నాడు జయప్రకాష్.

ఆ రోజు షెడ్డులోకి వెళ్లినప్పుడు దండెం మీద ఒక తాను కనపడింది. ఎర్ర పూల మధ్య బూడిదరంగు మచ్చలు. షెడ్డులో పనిచేసే కృపావతి చెప్పింది. "మొన్న పొద్దుగూకేదాకా బయటే వదిలేశారండీ అయ్యగారు. మేం పనయ్యి ఇళ్లకెళ్లిపోయాం. ఈయన నాలుగింటికి ఆ గదిలోకెళ్లి, నోరులేని మిషను ముందు అట్టా కూసున్నారంట." జయప్రకాష్ ఆ మచ్చల గుడ్డను చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చెప్పెయ్యాలి, ఇవాళే చెప్పెయ్యాలి అనుకున్నాడు. భోజనంలో ఆయన స్వయంగా నెయ్యి వడ్డించారు. చెప్పలేకపోయాడు.

ఊరందరిదీ జాలిగుండె కావడం మరో చిక్కు. రామయ్యగారికి సౌండ్ రావట్లేదని తెలిసి, టీవీ మెకానిక్ ఒకతను వచ్చి తీగలు నాకినంత దగ్గరగా చూసి వెళ్లాడు. వీధి చివర మైకుసెట్టు పెట్టుకున్న చిన్నబాబు అయితే పంతం పట్టాడు. "బాబాయ్, పిన్నిగారి గొంతు ఈ వీధిలో వినపడాల్సిందే, లేకపోతే నేను మైకుసెట్టు పెట్టుకుని ఎందుకు?" అని ఒక శుక్రవారం వచ్చి మ్యూట్ సంగతి కనిపెట్టి తీసేశాడు. ఆ కబురు ఫోన్‌లో వినగానే జయప్రకాష్ కాలేజీలో కుర్చీలోనే కూలబడ్డాడు. కానీ విచిత్రం, మ్యూట్ తీసినా సౌండ్ రాలేదట. దేవుడున్నాడు అనుకుని ఆ సాయంత్రం అతను కొబ్బరికాయ కొట్టాడు.

సంవత్సరీకం దగ్గరపడింది. మాధవి ఒక మాట అంది, ఆ మాటకు ఇక తిరుగులేదు. "ఆ రోజు అందరం ఉంటాం. అమ్మతో పనిచేసిన వాళ్లంతా వస్తారు. భోజనాలయ్యాక అమ్మ గొంతు వినిపిద్దాం. జీవానందంగారిని నేనే రమ్మన్నాను, ఆయనొచ్చి సరిచేస్తారు. చిన్నబాబు పెద్ద బాక్సులు తెస్తానన్నాడు."

"బాక్సులెందుకు మాధవీ..."

"నెల్లాళ్లకు పైగా కొడుతున్నారు, మీ వల్ల అయ్యిందా?" అంది.

ఆ రోజు ఇంటి నిండా జనం. మనిషెత్తు బాక్సులు రెండు కిటికీకి చెరోపక్కా నిలబడ్డాయి. షెడ్డుకు సెలవే అయినా, అద్దకం రంగు పట్టడానికని అంతకుముందే కరక్కాయ నీళ్లలో ముంచిన తానులు ఊరుకోవు కదా, అవి వెనక స్థలంలో ఎండుతున్నాయి. రామయ్యగారు తెల్లచొక్కా వేసుకుని గోడవారగా కూర్చున్నారు. జయప్రకాష్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పారిపోవడానికి రైలు టైము కూడా కాలేదు.

నాలుగు కావస్తుండగా జీవానందం వచ్చి తెర చూశాడు, మీటలు చూశాడు, వంగి మిషన్ వెనక చూశాడు. పైకి లేచి దుమ్ము దులుపుకున్నాడు. "లైనక్స్ బంగారంలా ఉంది సార్. స్పీకర్ వైరు మైకు కన్నంలో గుచ్చి ఉంది. పచ్చదాంట్లో ఉండాలి, గులాబీదాంట్లో ఉంది. మొన్న ఫోన్లో అడిగితే పచ్చదాంట్లోనే ఉందన్నారుగా? దానంతటది మారదు. ఎవరో మార్చారు."

అందరూ జయప్రకాష్ వైపు చూశారు.

"నేను కాదండీ!" అన్నాడు జయప్రకాష్ గాభరాగా. "వైరు నేను ముట్టుకోలేదు. నేను మ్యూట్ చేశానంతే!"

మాధవి నెమ్మదిగా, "మ్యూట్ ఎందుకు చేశారు?" అంది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. జయప్రకాష్ అంతా చెప్పేశాడు. బొట్టు, హల్వా, ఊపిన తల, తడుముకున్న జేబు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "అత్తయ్యగారి గొంతు లేదు మావయ్యగారూ. ఎక్కడా లేదు. నేనే పోగొట్టాను. నాకు కంప్యూటర్ రాదండీ. ఏమీ రాదు."

"తెలుసండీ" అన్నారు రామయ్యగారు.

"కంప్యూటర్ రాదనా?"

"అదీ తెలుసు" అన్నారాయన. "మీరు జేబు తడుముకుంటున్నప్పుడే చూశా. నేను పెట్టిన బొట్టు కదా, నా కంటికి ఆనదా? అప్పటికి సగం ఉతుకైపోయింది. ఉతికెయ్యమన్నదీ నేనే. ఇంక మిమ్మల్ని ఏమని అడగను?" కూతురి వైపు తిరిగారు. "వైరు కూడా నేనే మార్చానమ్మా మాధవీ. అల్లుడుగారు స్పీకర్ మీద ఆ గీత పోగొట్టేశాక భయమేసింది. సౌండు వస్తే పెట్టమనాలి. పెట్టమంటే లేదంటారు. సౌండు రానన్నాళ్లూ మీ అమ్మ అందులోనే ఉన్నట్టు, బయటకు రావడమే కుదరనట్టు ఉండేది. నాలుగింటికెళ్లి అక్కడ కూర్చుంటే సరిపోయేది."

మాధవికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నా తల్లి గొంతు పోతే నాకు చెప్పాల్సిన పని లేదా? ఒకరు మ్యూట్ చేస్తారు, ఒకరు వైరు పీకుతారు! మీకు మీరే మర్యాదలు చేసుకున్నారు, నేనెవరిని?" అంది. ఇద్దరు మగవాళ్లూ తలలు దించుకున్నారు. జీవానందం అలవాటు కొద్దీ, కస్టమర్లందరినీ అడిగే ప్రశ్న మెల్లిగా అడిగాడు. "ఇంకెక్కడన్నా కాపీ ఉందాండీ?"

రామయ్యగారు లేచారు. వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, ఆయన కూడా పక్కన స్టూలు మీదే కూర్చునేవారు. "చిన్నబాబూ, మైకిలా ఇవ్వరా" అన్నారు. కిటికీలోంచి బయటకు ఒకసారి చూసి, మైకులోకి అరిచారు.

"ఏవండోయ్! ఎండ పోతోంది, గుడ్డలు తియ్యండి! ఎన్నిసార్లు పిలవాలి, చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

మాట మాటా ఆవిడదే. ఆగిన చోట ఆగారు, లాగిన చోట లాగారు. ఆవిడ దగ్గిన చోట చిన్నగా దగ్గారు. తర్వాత గొంతు తగ్గించి, ఎదురుగా ఉన్న కూతురిని చూస్తూ, "ఇది ఆగిందంటావా అమ్మాయ్?" అన్నారు.

మాధవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మనిషెత్తు బాక్సులు తమ పని తాము చేశాయి. ఆ వీధిలో ఆవిడ కేక విని గుడ్డలు తీసుకోవడం ఒక్క రామయ్యగారి ఇంటి అలవాటు కాదు, అద్దకపు షెడ్లన్నిటికీ ఆవిడే గడియారం. భోజనాలకు వచ్చినవాళ్లు, రానివాళ్లు, నిద్రపోతున్నవాళ్లు లేచి దొడ్లలోకి పరిగెత్తారు. ఆఖరి బంతిలో తింటున్న కృపావతి విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచి, వెనక స్థలం దాకా వెళ్లి, అక్కడ గుర్తొచ్చి నిలబడిపోయి, చెంగుతో కళ్లు తుడుచుకుంది. రామయ్యగారు మైకు బల్ల మీద పెట్టారు. "ఆ ఆ, వస్తున్నా" అని తనకు తానే జవాబు చెప్పుకుని, వెళ్లి తానులు తీయడం మొదలుపెట్టారు. జయప్రకాష్ వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు.

జీవానందం మాత్రం తెలివైనవాడు, ఆయన మైకు అడగ్గానే రికార్డింగు మీట నొక్కి ఉంచాడు. ఇప్పుడు పెడనలో ఆ గదిలో రోజూ నాలుగింటికి ఆ కేక వినపడుతోంది. అది ఆవిడ గొంతు కాదు. ఆ సంగతి అందరికంటే రామయ్యగారికే బాగా తెలుసు. ఒక్కోరోజు దగ్గు దాకా వినకుండానే లేచి వెళ్లిపోతారు. కానీ గుడ్డకు మచ్చ పడలేదు, ఆ రోజు తర్వాత ఒక్కటి కూడా. మాధవి ఇద్దరితోనూ మాట్లాడటానికి మరో రెండు ఆదివారాలు పట్టింది. లైనక్స్‌కు ఏ లోపమూ లేదు, మీట నొక్కగానే తెరుచుకుంటోంది.

ఈసారి కాపీ కోసమని జయప్రకాష్ కొత్త పెన్‌డ్రైవ్‌లు మూడు కొన్నాడు. భయంతో ఇంతవరకూ ఒక్కటీ ఆ మిషన్‌కు గుచ్చలేదు.